పెద్దవీధిలో ముసలివాళ్ళ ఇల్లు

హేమగిరిలో పూటకూళ్ళ ఇల్లు నడిపే నాంచారమ్మ, పెద్దవీధిలోని తన ఖాళీ స్థలంలో దిక్కులేని ముసలివాళ్ళకు ఒక ఇల్లు కట్టాలనుకుంది. అప్పటిదాకా వాళ్ళు బండ్లు నిలిపే, వానకు కారే చావడిలో పడుకునేవారు. అనుమతి ఇవ్వాల్సిన నగరాధికారి భైరవమల్లు పల్లకిలో వచ్చి, వీధివాళ్ళందరినీ పిలిపించాడు.

డెబ్బై దాటిన గురవయ్య శెట్టి అందరికన్నా ముందు లేచాడు. "రాత్రంతా దగ్గులు, మూలుగులు! నెలకో పాడె! మా వీధి పరువేం కావాలి?" అన్నాడు. అందరూ అవునవునన్నారు.

"విన్నావుగా? వల్లకాటి పక్కన కట్టుకో," అన్నాడు భైరవమల్లు.

"అలాగే దొరా. వద్దనేవాళ్ళు మాత్రం ఒకసారి కుడిపక్కకు వచ్చి నిలబడితే, ముఖాలు గుర్తుపెట్టుకుంటాను," అంది నాంచారమ్మ.

"ఎందుకు?"

"ఎక్కడ కట్టినా రేపు వాళ్ళకు అందులో చోటివ్వకూడదు కదా. ఇంత అసహ్యమైన చోటికి వాళ్ళను రానిస్తే నాకు పాపం."

శెట్టి కుడిపక్కకు ఒక అడుగు వేశాడు. ఆయన ఇంటి అరుగు మీద నుంచి ముగ్గురు కోడళ్ళూ ఆయన వంకే చూస్తున్నారు. వేసిన అడుగు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. ఆయనే ఆగిపోయాక ఇంకెవరూ కదల్లేదు.

భైరవమల్లు ఖాళీగా ఉన్న కుడిపక్కను చూసి, "ఎవరికీ అభ్యంతరం లేదు. కట్టుకో," అని పల్లకి ఎక్కాడు.

అందరూ వెళ్ళేదాకా ఆగి, శెట్టి నాంచారమ్మ దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, గాలి బాగా వచ్చే గది ఎటువైపు వేయిస్తున్నావు?"