కాలు తీశాక

మెకానిక్ ప్రభుదాసుకు ఆ ఎర్ర స్పోర్ట్స్ కారు కొరకరాని కొయ్య అయి కూర్చుంది. ముప్ఫై ఏళ్లనాటి బండి. పరుగెత్తమంటే పరుగెత్తేది. మలుపులో యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే మాత్రం ఇంజను రొప్పి, ఊగి, ఆగిపోయేది.

ఆదివారం కొండ మీదికి పాత కార్ల పోటీ. సొంతదారు సుభద్రమ్మగారే నడుపుతున్నారు. ఈ బండిని నేనొక్కణ్ణే కొండెక్కిస్తానని ప్రభుదాసు ఆటోనగర్ అంతా వినేలా కోతలు కోశాడు. పైగా గురువు ఖాసింవలీ మాట ఒకటుంది: బండి గెలిస్తే షెడ్డు పెత్తనం నీది, లేకపోతే ఇంకొన్నాళ్లు నా చేతికింద ఉండు అని.

జబ్బు సెన్సరులో ఉందని ప్రభుదాసు తేల్చేశాడు. ఇంజనులోకి గాలి వెళ్లే తలుపు ఎంత తెరుచుకుందో ఎప్పటికప్పుడు బండి కంప్యూటరుకు చాడీలు మోసే చిన్న నల్ల డబ్బా అది. దాని స్క్రూలు వదులుచేసి, తలుపు మూసి ఉన్నప్పుడు మీటరులో అర వోల్టు చూపేలా తిప్పి బిగించాలి. తిప్పాడు. అర వోల్టు చూపింది. బండి ఆగిపోయింది. కొత్త సెన్సరు వేశాడు. మళ్లీ అదే పాట.

శనివారం మధ్యాహ్నానికి ఉక్రోషం పట్టలేక మీటరు పట్టుకెళ్లి గురువు ముందు పెట్టాడు.

"మీరే చూడండి గురువుగారూ. అర వోల్టు. నా కొలతలో తప్పేముందో చెప్పండి."

ఖాసింవలీ మీటరు వైపు కన్నెత్తి చూడలేదు. వెళ్లి సీట్లో కూర్చోమన్నాడు.

"కాలు తీశావా?"

"తీశానండి."

ఆయన బానెట్ కింద వంగి, పెడల్ నుంచి వచ్చే కేబులును ఒక్క వేలితో కొక్కెం నుంచి తప్పించాడు. లోపల గాలి తలుపు టక్కుమంది.

"నువ్వు తీశావు. బండి ఇంకా తియ్యలేదు."

అంతే. చేతులు తుడుచుకుని అసర్ నమాజుకు వెళ్లిపోయాడు.

ప్రభుదాసు దిగి వచ్చి ఆ ఊడిన కేబులును చూశాడు. తాకితే చాలు బండి ఎగిరి దూకాలని, సుభద్రమ్మగారు మెచ్చుకోవాలని, మొదటిరోజే ఆ కేబులు లాగి బిగించింది తనే. ఆనాటి నుంచీ తలుపు పూర్తిగా మూతపడితే ఒట్టు. ఓరగా ఉన్న తలుపును చూపించి ఇదే మూసినదని మీటరుకు నమ్మబలికాడు. కాలు తీసినప్పుడల్లా గాలి లెక్క తప్పి ఇంజను ఆగిపోయేది అందుకే. సిగ్గూ నవ్వూ కలిసి ముంచుకొచ్చాయి.

కేబులు వదులు చేశాడు. మసి పట్టిన తలుపు తుడిచాడు. అది తనంతట తాను మూతపడిందాకా ఆగి, అప్పుడు తిప్పాడు సెన్సరును.

ఆదివారం కొండ కొనన చివరి మలుపు దగ్గర నిలబడ్డాడు. సుభద్రమ్మగారు మలుపులో కాలు తీశారు. ఇంజను ఆగలేదు. దాని మోత మెత్తగా దిగింది. బండి ఒక్క ఊపున లేచి, ముందున్న బండిని దాటేసి కొండెక్కేసింది. ఈలలే ఈలలు. గొంతు పోయేలా అరిచినవాడు ప్రభుదాసే.

ఆమె ఇంజను ఆపకుండానే దిగి, కప్పు అందుకోవడానికి వెళుతూ బండి పక్కన పెట్టమని ప్రభుదాసుకు చెప్పారు. పరుగున వచ్చి కూర్చున్నాడు. చప్పుడు లేదు, వణుకు లేదు. పరువు తీసింది, ఆగిపోయింది అనుకుంటూ తాళంచెవి మీదికి చెయ్యి చాచాడు.

కిటికీలోంచి ఖాసింవలీ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండు. ఇంజను తిరుగుతూనే ఉంది," అని, ఆ చేతిలో షెడ్డు తాళంచెవి పెట్టాడు.