జంబన్న పుట్టించిన వరద

ఏటి నడుమ ఇసుకతిన్నె ఎండాకాలమంతా తిరునాళ్లలా ఉండేది. మేకలు తడి ఇసుకలో గంతులేసేవి, కుందేళ్లు పాయ అంచున నీళ్లు చిమ్ముకునేవి. ముసలి గేదె నల్లపూస మాత్రం మడుగులో పడుకుని కళ్లు మూసుకునేది. ఆనకట్ట కట్టకముందు ఆ ఏరు ఎలా ఉండేదో చూసింది అక్కడ తనొక్కతే. అప్పట్లో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదితే ఒళ్లంతా హాయిగా అలిసిపోయేది. ఇప్పుడున్నది మోకాలి లోతు. ఆ సంగతి చెబితే మేకలు నవ్వేవి.

తిన్నె మీద రైతు కోసుకోగా మిగిలిన పుచ్చకాయలు కొన్ని పండాయి. వాటిని నలుగురితో పంచుకోవడం నక్క జంబన్నకు ఇష్టం లేదు. ఒక మధ్యాహ్నం రొప్పుతూ వచ్చి, ఆనకట్ట తలుపులెత్తేశారనీ, ఏరు ముంచుకొస్తోందనీ అందరినీ హడలగొట్టాడు. మేకలూ కుందేళ్లూ పరుగున ఒడ్డెక్కాయి. నల్లపూసా ఎక్కింది. నీళ్లు రాలేదు. జంబన్న కడుపునిండా పుచ్చకాయలు తిని చల్లటి ఇసుకలో అక్కడే పడుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆనకట్ట మీద వాలే కాకి వచ్చి అసలు సంగతి చెప్పింది. దిగువ పొలాల కోసం ఈ పూటే నీళ్లు వదులుతున్నారట, ఏట్లోకి ఎవరూ దిగొద్దని మైకులో చెబుతున్నారట. నిన్న వదిలారన్నది వట్టి కోత. మేకలకు ఒళ్లు మండింది. వాడి ఖర్మకు వాణ్ణి వదిలేయమన్నాయి. నల్లపూసకు మనసొప్పలేదు. నీటి అంచుదాకా వెళ్లి కేకేసింది.

"జంబన్నా, లేచి రారా. నీళ్లొస్తున్నాయి."

జంబన్న ఒక కన్ను తెరిచి నవ్వాడు. "ఆ మాట పుట్టించిందే నేను గదత్తా. తిరిగి నాకే చెబుతావేం?"

ఇంతలో సైరన్ మోగింది. మేకలన్నీ గొంతు కలిపి అరుస్తున్నాయనుకుని వాడు అటు తిరిగి పడుకున్నాడు.

ముందు గాలి చల్లబడింది. తర్వాత నురగ, దాని వెనకే మట్టినీళ్లు. తోక తడిశాక గాని జంబన్న లేవలేదు. అప్పటికి నిలబడడానికి చాపంత ఇసుక మిగిలింది.

నల్లపూస ఏట్లోకి దిగింది. కాళ్ల కింద నేల తప్పగానే ముసలి ఒంటికి ఈత దానంతటదే గుర్తొచ్చింది. వణుకుతున్న నక్కను వీపు మీద ఎక్కించుకుంది గానీ ఒడ్డుకు పోలేదు. నిండుగా పారే ఏరు, చెవుల్లో ఆ పాత హోరు. ఎన్నేళ్లయిందో. తలుపులు దించేస్తే మళ్లీ మోకాలి లోతే.

"అత్తా, మన ఒడ్డు అటుంది," అన్నాడు జంబన్న ఏడుపుగొంతుతో.

"తెలుసురా. కాసేపు ఓర్చుకో. నేను పెరిగిన ఏరు ఇది," అంది నల్లపూస, అవతలి ఒడ్డుకేసి ఈదుతూ.

మేకలు నోళ్లు తెరుచుకుని చూశాయి, నవ్వలేదు. ఏటికి అడ్డంగా పోయి తిరిగొచ్చాక నల్లపూస గట్టెక్కింది. జంబన్న జారి దిగి, ఎవరి మొహమూ చూడకుండా పొదల్లో దూరాడు.

అబద్ధంతో నలుగురినీ తరిమినవాడికి, నిజం పేరు పెట్టి పిలిచినా చెవికెక్కదు.