బుట్టరాయి తల్లి, తొలి ముద్ద

కొత్తమెట్ట కాలనీ దాటగానే పంటకాలువ గట్టున పసుపు పూసిన నల్లరాయి కనిపిస్తుంది. గుడి లేదు, పూజారి లేడు. రాయికి కట్టిన తాడు కాలువలోకి దిగి ఉంటుంది. దాని కొసన వెదురుబుట్ట నీళ్ళలో ఊగుతుంటుంది. ఈమెనే బుట్టరాయి తల్లి అంటారు.

పూర్వం ఇక్కడ ఏ తల్లీ లేదు. పూర్వమంటే మరీ పూర్వం కాదు. జలాశయం కింద కొండరెడ్ల ఊళ్ళు మునిగినప్పుడు, లారీలలో తెచ్చి ఇక్కడ దించిన జనంలో గంగులమ్మ ఒకతె. ఆమె అత్త కన్నమ్మకు రేషను బియ్యం సయించక మనిషి చిక్కిపోయింది.

"పూటపూటకీ ఈ తెల్లమెతుకులేనా? నీ చేతి చేదుదుంప తిని పోతానే కోడలా" అని పోరు పెట్టింది.

"పోయేదానివి, నీకింత తిండి యావేంటత్తా" అని గంగులమ్మ నవ్వింది గాని, మర్నాడే గునపం పట్టుకుని రెండు రోజుల దూరం అడవికి నడిచింది.

చేదుదుంపలో విషముంటుంది. కొండ మీద ముక్కలు కోసి బుట్టతో వాగులో కట్టేస్తే, పారే నీరే మూడు రోజుల్లో ఆ విషాన్ని పట్టుకుపోయేది. కాలనీలో వాగు లేదు. పొద్దున గంటసేపు వచ్చే కుళాయి ఉంది. గంగులమ్మ తొట్టిలో నానబెట్టి, రోజుకోసారి నీళ్ళు మార్చి, మూడు రోజులకు వండింది. వాగు చేసే పని తొట్టి చేయదని ఆమెకు తట్టలేదు.

కొండ ఆచారం ప్రకారం తొలి ముద్ద పెద్దలది. గంగులమ్మ పిల్లలిద్దరూ ఆకులు పరచుకుని ఎదురుచూస్తున్నారు. కన్నమ్మ ఆబగా నాలుగు ముద్దలు మింగి ఆగింది. నాలుక చీరుకుపోయింది. కోడలి మొహంలోకి చూసింది.

"బాగుందే. పిల్లలకు మాత్రం పెట్టకు" అంది. కుండను కాలితో తన్ని ఒలకబోసింది. పొద్దు వాలేలోగా ప్రాణం పోయింది.

కన్నమ్మ కలలో కనిపించి కాలువ చూపిందని కొందరు చెబుతారు. తనకు ఏ కలా రాలేదని గంగులమ్మ చెప్పేది. దినం కాగానే మిగిలిన దుంపలు కోసి, బుట్టలో పోసి, గట్టు మీది రాయికి కట్టి కాలువలో దించింది. కాలువ కాపలాదారు తాడు కోశాడు. మళ్ళీ కట్టింది. మళ్ళీ కోశాడు. మూడోసారి కత్తి తీయకుండా, "ఎవరికమ్మా ఇది?" అని అడిగాడు.

"మా అత్తకి" అంది.

అతడు వెళ్ళిపోయాడు. మూడు రోజులు గడిచాక గంగులమ్మ వండి, పిల్లలను దూరంగా కూర్చోబెట్టి, తొలి ముద్ద తానే తింది. పొద్దు వాలేదాకా పిల్లలు ఆమె మొహాన్నే చూస్తూ కూర్చున్నారు.

నాటి నుంచి ఇక్కడ తొలి ముద్ద పెద్దలది కాదు, వండిన చేతిది. కాలువకు నీళ్ళు ఆపేసిన నెలల్లో ఎవరూ దుంప ముట్టరు. బుట్ట కట్టి మొక్కుకున్న ఇంట పసిబిడ్డల కడుపును తల్లి కాస్తుందని నమ్మకం. వండినామె తిన్నాక పొద్దు వాలేదాకా అందరూ మౌనంగా ఉండాలి. ఎలా ఉందని అడగరాదు. బాగుందన్న మాట మాత్రం ఈ గట్టున ఎవరూ అనరు.