కొబ్బరి చిప్పల బడి

వీరాస్వామి గారి దొడ్లో గేదెలపాక వెనక పెద్ద పెంటదిబ్బ ఉంది. ఆ దిబ్బ మొత్తం పర్లమ్మదే. పర్లమ్మంటే ఒళ్లంతా తెల్లచుక్కలున్న నల్లపెట్ట. ఏడుగురు పిల్లల తల్లి. ఆఖరివాడు బుడంకాయ అందరికంటే రెండ్రోజులు ఆలస్యంగా గుడ్డు పగలగొట్టుకుని వచ్చాడు. బక్కప్రాణం, నోరు మాత్రం పెద్దది.

పర్లమ్మకి పిల్లలంటే ప్రాణం. తన మాటంటే మాత్రం సిగ్గు. ఒకసారి పక్కింటి పంజరంలో చిలక, "కొక్కొక్కో తప్ప ఇంకో ముక్క రాదా నీకు?" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ ఆమె చెవుల్లోంచి పోలేదు. సరిగ్గా అలాంటి తల్లినే వెతుక్కుంటూ వచ్చాడు చెరుకుతోట గుంటనక్క. మెడలో కండువా, చేతిలో వేపబెత్తం. మిట్టమధ్యాహ్నం వచ్చాడు. ఆ వేళకి వీరాస్వామి గారూ, ఆయన కుక్క కర్రోడూ పొలంలో ఉంటారని వాడికి తెలుసు.

"చెల్లెమ్మా, పిల్లల్ని ఏం చదివిస్తున్నావ్?" అన్నాడు, గేటు బయటే మర్యాదగా నిలబడి.

"చదువేంటి మాస్టారూ! పురుగులు ఏరుకోవడం నేర్పుతున్నా."

"అయ్యయ్యో! రేపు పులి గారి కచేరీకెళ్లి కొక్కొక్కో అంటే గుమ్మం ఎక్కనిస్తారా? అక్కడంతా నక్క భాషే. ఈకలు రాకముందు బాలవాడి, రెక్కలొచ్చాక ప్రాథమికం, తోక మొలిచాక మాధ్యమికం. అన్నీ నేనే చెబుతా. పైసా ఫీజు వద్దు. మధ్యాహ్నం చెదపురుగుల భోజనం కూడా నాదే."

పర్లమ్మ కళ్లు మెరిశాయి. "అంత పుణ్యం మాకెందుకు చేస్తారు మాస్టారూ?"

"విద్యాదానం చెల్లెమ్మా! ఒకటే షరతు. కోడి మాట పిల్లల నోట రాకూడదు. వస్తే మెడలో కొబ్బరి చిప్ప వేస్తా. ఇంట్లో నువ్వు కూడా ఆ మాట మాట్లాడకూడదు. పిల్లల నాలుక చెడిపోతుంది."

గేదె వీపు మీద గోమారి పురుగులు ఏరుకుంటున్న గోరింక గవరమ్మ ఇదంతా వింది. ఆమెకి ఏడు భాషలొచ్చు. "ఒసే పర్లమ్మా, కోడిపిల్లల చదువు మీద నక్కకి బెంగేంటే?" అంది.

"నీకేం పిన్నీ, ఏడు భాషలొచ్చు! నా పిల్లలు నాలుగు ముక్కలు నేర్చుకుంటే నీ కళ్లు మండుతున్నాయా?" అంది పర్లమ్మ. గవరమ్మ మూతి ముడుచుకుని గేదెకి రెండో పక్కకి వెళ్లి కూర్చుంది.

చూశారా, మంచి చెప్పిన ముసలావిడకి దక్కిన మర్యాద! సరే, మనకెందుకు, కథలోకి వద్దాం.

మర్నాడే దొడ్లో ఉన్న ఎడ్లబండి కింద బడి మొదలైంది. చేర్చుకునే ముందు మాస్టారు ఒక్కొక్క పిల్లనీ ఎత్తి బరువు చూశాడు. బుడంకాయని ఎత్తి పెదవి విరిచాడు. "ఇది ఎముకలపోగు. చదువుకి పనికిరాదు." వాడు ఏడుస్తూ ఇంట్లోనే ఉండిపోయాడు. బండి కాడికి తాడు కట్టి, దానికి కొబ్బరి చిప్పలు దండలా వేలాడదీశాడు మాస్టారు. మొదటి వారం రోజుకి పది చిప్పలు పిల్లల మెడల్లో పడ్డాయి. నెల తిరిగేసరికి ఒక్కటీ పడలేదు. ఆరుగురూ బొద్దుగా తయారయ్యారు. ఏం తిన్నా, ఏం చూసినా "హూ హూ" అంటున్నారు. పర్లమ్మ మురిసిపోయింది. అర్థం మాత్రం ఒక్క ముక్క కాలేదు. పిల్లలు ఇంటికొస్తే ఆమె ఏం మాట్లాడాలో తెలియక దిబ్బ గోకుతూ కూర్చునేది. ఆ రోజుల్లో ఆమె నోరారా మాట్లాడుకున్నది బుడంకాయతోనే. అదీ ఎవరూ చూడకుండా, గడ్డివాము చాటున.

బడికి సెలవున్న రోజు పొద్దున దిబ్బ మీద నీడ పడింది. గద్ద! పర్లమ్మ "క్ర్ర్ర్" మంది. గద్దొస్తే కోడితల్లి అనేది అదే. తలొంచి రెక్క కిందికి దూరమని దానర్థం. నేల మీద నక్క గానీ పిల్లి గానీ వస్తే "కటకటకటా" అంటుంది. అంటే పైకెగరమని. గుడ్డులో ఉండగానే కోడిపిల్లకి వినపడే మాటలు ఇవి.

బుడంకాయ రెక్క కిందికి దూకాడు. మిగతా ఆరుగురూ తలలెత్తి నిలబడిపోయారు. "అమ్మ ఏమంటోంది?" అని నక్క భాషలో ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు! పర్లమ్మ ఒక్క ఉదుటున ఎగిరి గద్ద మొహం మీద పడింది. అది బెదిరిపోయింది గానీ, ఆమె వీపు మీద ఈకలు గుప్పెడు ఊడొచ్చాయి.

"నా పిల్లలకి నా కేకే అర్థం కాలేదు పిన్నీ!" అని గేదె దగ్గరికి పరిగెత్తి బావురుమంది పర్లమ్మ.

గవరమ్మ అలక మానేసి కిందికి దిగింది. "ఏడవకు. మర్చిపోయారు గానీ పోగొట్టుకోలేదు. మాస్టారు ఏం నేర్పాడో చెప్పించు."

"రేపు వార్షికోత్సవమట. ఇద్దరు ముఖ్య అతిథులొస్తున్నారట. ప్రార్థనాగీతం పాడించడానికి వారం నుంచీ ఒకటే సాధన."

"ఏదీ, పాడమను."

ఆరుగురూ వరసగా నిలబడి "హూ హుక్కాహూ" అని పాడారు. వినడానికి ఎంత గంభీరంగా ఉందో! పర్లమ్మకి ఆ బాధలో కూడా కాస్త గర్వం కలిగింది.

"బాగుంది. ఇప్పుడు మీ అమ్మకి అర్థమయ్యేలా మన మాటలో చెప్పండి," అంది గవరమ్మ.

పిల్లలు తడబడ్డారు. నోటిదాకా వచ్చిన మాట చిప్ప గుర్తొచ్చి ఆగిపోతోంది. బుడంకాయ పక్కన కూర్చుని ఒక్కొక్క మాటా అందించాడు. పెద్దది కుంకుడి మొదలుపెట్టింది. "వరసగా... నిలబడండి."

"ఆఁ, తర్వాత?"

"కళ్లు... మూసుకోండి. మెడ... మెడ చాపండి." కుంకుడి తల్లి వైపు చూసింది. "అమ్మని... పిలవకండి."

పర్లమ్మ పిల్లల ముందుకొచ్చి రెక్కలు విదిల్చింది. నక్క భాషలో అంత గొప్పగా వినిపించిన పాట మన మాటలోకి వచ్చేసరికి ఇదీ! "బరువు చూసింది ఇందుకా! చెదపురుగులు పెట్టింది ఇందుకా! వాడి బడి తగలబడ! రేపట్నుంచి బడీ లేదు, గిడీ లేదు!"

"మానేస్తే చాటుగా వచ్చి ఒక్కొక్కళ్లనీ పట్టుకుపోతాడు. మళ్లీ ఈ దొడ్డి మొహం చూడకుండా చేయాలి," అంది గవరమ్మ. సాయంత్రం పొలం నుంచి వచ్చిన కర్రోడితో వాడి భాషలోనే మాట్లాడి వచ్చింది.

"ఏమన్నాడు పిన్నీ?"

"పిలిస్తే వస్తానన్నాడు. నీ కేక విని మాత్రం రాడట. గుడ్డు పెట్టినా అదే గోల, మబ్బు పట్టినా అదే గోలట. మూడుసార్లు పొలం నుంచి పరిగెత్తుకొచ్చి గుడ్డు చూసి వెళ్లాడట పాపం. కుక్క భాషలో పిలవాలి. నా గొంతు పొలం గట్టుదాకా పోదు. ఏడుగురూ కలిసి అరిస్తే పోతుంది."

పర్లమ్మకి సిగ్గేసింది. నిజం మరి! ముందు పర్లమ్మ తన రెండు కేకలూ పిల్లలకి మళ్లీ గుర్తుచేసింది. దీపాలు పెట్టేలోపు గవరమ్మ రెండే పాఠాలు చెప్పింది. మాస్టారు నెలన్నరపాటు నేర్పకుండా దాచిన మాట ఒకటి. అది నక్క భాషలో "కుక్క". రెండోది కుక్క భాషలో "దొంగ ఇక్కడ". ప్రతిదీ ముందు కోడి మాటలో చెప్పి, ఆ తర్వాత అవతలి మాట అందించింది. మాస్టారు వారం పట్టించే పాఠం పూటలో వచ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు ఇద్దరు నక్కల్ని వెంటబెట్టుకుని దిగాడు. ఇద్దరికీ నోరూరుతోంది.

"చెల్లెమ్మా, నువ్వు దూరంగా కూర్చో. తల్లి కనిపిస్తే పిల్లలు పాట మర్చిపోతారు."

"అలాగే మాస్టారూ," అంది పర్లమ్మ. ఒక్కరు మర్చిపోయినా ఒక్కరూ దక్కరు. ఆరుగురు బండి ముందు వరసగా నిలబడ్డారు. బుడంకాయ పిలవని పేరంటానికొచ్చి చివర్న నిలబడ్డాడు. ఆరుగురూ కళ్లు మూసుకుని మెడలు చాపారు. మాస్టారు నోరు తెరిచాడు.

"కటకటకటా!" అంది పర్లమ్మ, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి.

ఏడుగురూ రివ్వున బండి మీదికెగిరారు! మాస్టారి పళ్లు బండి చక్రానికి తగిలి టక్కుమన్నాయి. పిల్లలు నక్క భాషలో "కుక్క! కుక్క!" అని అరిచేసరికి ముఖ్య అతిథులు వెనక్కి చూడకుండా పారిపోయారు.

"ఎక్కడిది కుక్క! ఆగండ్రా, అబద్ధం!" అని మాస్టారు అరుస్తూనే ఉన్నాడు. ఈలోపు ఏడు గొంతులూ కలిసి కుక్క భాష అందుకున్నాయి. "దొంగ ఇక్కడ! దొంగ ఇక్కడ!"

కర్రోడు గట్టు దాటాడు, కంచె దూకాడు. మాస్టారు తప్పించుకోబోయి బండి కాడి కిందికి దూరాడు. చిప్పల తాడు తెగి దండ మొత్తం వాడి మెడలో పడింది. టకటకా చిప్పలు మోగించుకుంటూ, పిర్ర మీద కర్రోడి పళ్లగాటుతో చెరుకుతోటలోకి పరిగెత్తాడు. పరిగెడుతూ గొంతు చించుకుని అరిచాడు.

"మాస్టారు ఏమంటున్నారే అక్కా?" అన్నాడు బుడంకాయ.

కుంకుడి చెవి పెట్టి విని, మన మాటలో చెప్పింది. "వాళ్ల అమ్మని పిలుస్తున్నారు."

దొడ్డి దొడ్డంతా గొల్లుమంది. కర్రోడు రొప్పుతూ తిరిగొచ్చి, "మీ పలుకు ఘోరంగా ఉంది పిల్లలూ. కానీ అర్థమైంది," అన్నాడు.

పర్లమ్మ ఏడుగుర్నీ రెక్కల కిందికి లాక్కుంది. ఒకసారి లెక్కపెట్టింది, నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టింది. ఏడు. అమ్మయ్య! నెలన్నర దాచుకున్న కబుర్లన్నీ గడ్డివాము చాటున కాదు, దిబ్బ నడిబొడ్డున కూర్చుని గట్టిగా చెప్పుకుంది.

మర్నాటి నుంచి గేదె పక్కన గవరమ్మ బడి. ముందు కోడి మాట, దాని మీద కుక్క మాట, గేదె మాట, ఉడత మాట.

"నక్క భాష మానిపించేద్దామా పిన్నీ?" అని అడిగింది పర్లమ్మ.

"ఎందుకు మానిపిస్తావే? వాడు మళ్లీ వస్తే ఏం పాడుతున్నాడో తెలియొద్దూ!" అంది గవరమ్మ.

కాబట్టి తల్లులారా, పిల్లలకి ఎన్ని భాషలైనా నేర్పించండి గానీ, అమ్మతో మాట్లాడొద్దనే చదువు మాత్రం ఉచితంగా ఇస్తామన్నా వద్దనండి.