మాణిక్యం విసిరిన రాళ్ళు

అనగనగా కొల్లేటికి దగ్గర్లో ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక జమీందారు. ఆయనకి వింత జంతువులంటే మోజు. ఒకసారి సముద్రాల అవతల నించి ఓడలో మూడు కాపిబారాల్ని తెప్పించాడు. కాపిబారా అంటే ఎలుక జాతే తల్లీ, కానీ మేకంత ఉంటుంది. సగం పొద్దు నీళ్ళలోనే గడుపుతుంది. ఎవరి జోలికీ రాదు. ఒంటరిగా మాత్రం ఉండలేదు.

ఒకటి ఓడలోనే పోయింది. ఇంకొకటి వడగాడ్పుకి పోయింది. మూడోది మిగిలింది. దాన్ని సాకే పని మాణిక్యానిది. పిల్లాజెల్లా లేని మనిషి. ఆవిడ తోటలో గడ్డి కోస్తుంటే అది వెనకాలే తిరిగేది. కూర్చుంటే ఒళ్ళో తలపెట్టి పడుకునేది.

అప్పుడు జమీందారుకి కీళ్ళవాతం పట్టుకుంది. దాని కొవ్వు కాచి రాస్తే తగ్గుతుందని ఎవరో చెప్పారు.

"ఎల్లుండి కోయించండి" అన్నాడాయన.

ఆ మాట మాణిక్యం చెవిన పడింది. తెల్లారుతూనే దాన్ని కొల్లేటికి తోలుకుపోయి, కిక్కిస గడ్డిలో వదిలి వెనక్కి తిరిగింది. ఆవిడకన్నా ముందే అది గట్టెక్కింది. ఆ తర్వాత దోనె ఎక్కించి, దూరాన లంకలో దింపి వచ్చింది. అది దోనె వెనకే ఈదుకుంటూ వచ్చేసింది.

"పోవే. నాతో వస్తే చంపేస్తారే" అంది మాణిక్యం.

దానికేం తెలుస్తుంది? ఆవిడ కాలికి మూతి రాసింది.

అప్పుడు ఆవిడ రాయి తీసింది. మొదటిది నీళ్ళలో పడింది. రెండోది వీపున తగిలింది, అయినా కదల్లేదు. మూడోది చెవి దగ్గర తగిలి నెత్తురొచ్చింది. అది ఆవిడ మొహంలోకి ఒక్కసారి చూసి, నీళ్ళలో మునిగి వెళ్ళిపోయింది.

"వదిలేశానయ్యా" అని చెప్పింది జమీందారుతో. ఎక్కడో చెప్పమని కొరడాతో కొట్టించినా నోరు విప్పలేదు. ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు. ఆ తర్వాత కొల్లేటి ఒడ్డున గుడిసె వేసుకుని, ఎండుచేపలు అమ్ముకుని బతికింది.

రెండేళ్ళకి ఒక సాయంత్రం కిక్కిసలో అది కనిపించింది. ఒళ్ళు చేసి, నున్నగా ఉంది. ఒంటరిగానే ఉంది.

"రా అమ్మా" అని చెయ్యి చాపింది మాణిక్యం.

అది ఆవిడ్ని చూసి బెదిరి, బుడుంగున మునిగిపోయింది.

మాణిక్యం గట్టు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత మొహం కడుక్కుని, "మంచిదేలే. నన్నే నమ్మనిది ఇంకే మనిషి దగ్గరికీ పోదు" అనుకుంది. లేచి, ఆరబెట్టిన చేపలు ఎత్తుకోడానికి వెళ్ళింది.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి.