వేలికంటిన దుమ్ము

రిపోర్టు మర్నాడు మంత్రిగారి బల్ల మీదికి వెళ్ళాలి. ప్రభుదాసును వేధిస్తున్నది మాత్రం ఒకే ఒక్క అంకె.

పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే వీధిలో, నలభైమంది పిల్లల వేళ్ళు సూదితో గుచ్చి రక్తం తీశాడు. ముప్పై తొమ్మిది మందికి సీసం పదీ, పన్నెండూ. ఒక్క పాపకు తొంభై రెండు! అది ఉంచితే కొలుములు మూయించాలి, పైవాళ్ళతో తగాదా. తీసేస్తే ఏ గొడవా లేదు, వచ్చే నెలలో డిప్యూటీ డైరెక్టర్ కుర్చీ. కొట్టేశాడు మహానుభావుడు.

డాక్టర్ సుగుణావతి ప్రభుదాసు పనిచేసే ఆరోగ్యశాఖకంతా పెద్ద సైంటిస్టు. ఉన్నదున్నట్టు రాసి, పదకొండు బదిలీలు తిని పైకొచ్చిన మనిషి. అతనికి పని నేర్పింది ఆవిడే.

"ఇదెందుకు కొట్టేశావు?" అంది రిపోర్టు చూస్తూ.

"వేలికి దుమ్ము అంటుకుని ఉంటుంది మేడమ్. ఆ వీధి దుమ్ములోనూ సీసమేగా. అందుకే అంత చూపించింది."

"అయ్యుండొచ్చు. మళ్ళీ తీశావా?"

"ఈ నెలంతా తీరిక దొరకలేదు మేడమ్."

ఆవిడ కోప్పడలేదు. అందుకే అతనికి ఎక్కువ భయం వేసింది. సొరుగులోంచి సబ్బుబిళ్ళ తీసి అతని చేతిలో పెట్టింది.

"పద. వేలు కడిగి మళ్ళీ తీద్దాం."

వాళ్ళు వెళ్ళేసరికి ఆ పాప తల్లి నాగరత్నం ఇంటిముందు బట్టలు ఆరేస్తోంది.

"హర్షిత ఉందామ్మా?" అన్నాడు ప్రభుదాసు.

"యాడుంది సారూ? ఫిట్స్ వచ్చి పాయె. పన్నెండు దినాలైంది." అతన్ని గుర్తుపట్టింది. "రక్తం తీస్కపోయింది మీరే గదా? దినామూ ఎదురుచూస్తిమి. ఏం తేలింది సారూ?"

అతను సుగుణావతి వైపు చూశాడు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. అయినా ఆదుకోలేదు.

"అడుగుతోందిగా, చెప్పు."

"తొంభై రెండమ్మా," అన్నాడు. "చాలా ఎక్కువ. నాకు నెల కిందటే తెలుసు."

నాగరత్నం లోపలికెళ్ళి మూడేళ్ళ చిన్నదాన్ని చంకనేసుకొచ్చింది.

"దీనికి గూడా చూడండి సారూ."

ఆ పసిది వేలు చాపింది. మసి పట్టి ఉంది. ప్రభుదాసు సూది తీశాడు.

"ముందు వేలు కడుగు," అంది సుగుణావతి.