రావద్దన్న మేట్రనమ్మ

జ్ఞానప్రకాశం గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులెవరైనా ప్రశ్న తెస్తే వెంటనే జవాబు చెప్పేవారు కారు. అడిగినవాడి చేతే ఆ ప్రశ్నను రెండోసారి చెప్పించేవారు. మొదటిసారి కోపంగా వచ్చిన ప్రశ్న రెండోసారికి కాస్త చల్లబడేది. కొందరి ప్రశ్న పూర్తిగా మారిపోయేది కూడా. దైవశాస్త్ర పాఠశాలలో ఆయన దగ్గర చదువుకుని కర్నూలు సీమ పల్లెల్లో పాస్టర్లుగా పనిచేస్తున్నవాళ్ళు, ఆయన పదవీ విరమణ చేశాక కూడా, దిక్కు తోచనప్పుడు ఆయన ఇంటి వసారాలోకే వచ్చి కూర్చునేవారు.

ప్రభుచరణ్ అలా వచ్చినవాడే. మండుటెండలో బస్సు దిగి నడిచొచ్చి, ఇచ్చిన మంచినీళ్ళు పక్కన పెట్టేసి మొదలుపెట్టాడు. అతని పల్లెలో పాతకాలపు మిషను బడి ఒకటి ఉంది. పిల్లలు తగ్గిపోయారని, దాన్ని మూసి, ఉన్నవాళ్ళను టౌనులోని మిషను బడిలో చేర్చాలని బిషప్ గారి కింద ఉన్న డయాసిస్ విద్యా కమిటీ తీర్మానించింది. ఆ కమిటీలో ప్రభుచరణ్ కూడా సభ్యుడే. వద్దని వాదించాడు. ఆడపిల్లలను అంత దూరం పంపరని చెప్పాడు. చేతులెత్తమన్నప్పుడు అతని వైపు లేచిన చేతులు తక్కువ. పైగా ఆ పల్లె పాస్టరు అతనే కాబట్టి, తల్లిదండ్రులతో మాట్లాడి పని జరిపించే బాధ్యత బిషప్ గారు అతనికే అప్పజెప్పారు.

"వద్దన్నవాడి చేతే చేయిస్తారా గురువు గారూ? నేను కమిటీకి రాజీనామా చేస్తాను," అన్నాడు.

"అది ప్రశ్న కాదు కదా నాయనా. ప్రశ్న ఏమిటో చెప్పు."

ప్రభుచరణ్ గొంతు తగ్గింది. "మనసు వద్దన్న పనిని చేతులతో ఎలా చెయ్యాలి? చేస్తే అబద్ధికుణ్ణి అవుతాను. మానేస్తే మాట వినని వాణ్ణి అవుతాను."

"ఆ తీర్మానం పాపమా, పొరపాటా?"

పాపమే అనాలని అతని నోటిదాకా వచ్చింది. కానీ ఆ కమిటీలో కూర్చున్న ముఖాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాళ్ళలో ఎవరికీ పిల్లల మీద పగ లేదు.

"పొరపాటు," అన్నాడు.

"అయితే ఆ నీళ్ళు తాగు. పాపమైతే వేరే మాట చెప్పేవాణ్ణి," అని, గురువు గారు కుర్చీ నీడలోకి జరుపుకుని, తాను పాస్టర్ల బదిలీల కమిటీకి కార్యదర్శిగా ఉన్న రోజుల్లో జరిగిన ఒక సంగతి చెప్పారు.

రాళ్ళమడుగు అని ఒక పాస్టరేటు, అంటే ఒక పాస్టరు కింద ఉండే సంఘం. నాపరాళ్ళ గనుల మధ్య ఊరు. అక్కడి విశ్వాసులు పైపేట, కిందిపేట అని రెండు పేటల్లో ఉండేవాళ్ళు. సంఘ ఎన్నికల్లో మొదలైన తగాదా ముదిరి, ఏళ్ళ తరబడి ఒక పేటవాళ్ళు గుడిలో ఉంటే రెండో పేటవాళ్ళు గుమ్మం తొక్కేవాళ్ళు కాదు. పాత పాస్టరు గారు విసిగి వెళ్ళిపోయారు. తర్వాత ఎవరెవరో మధ్యవర్తులు తిరిగి తిరిగి, చివరికి ఇరుపక్షాలనూ ఒకే బల్ల దగ్గర, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు సంస్కారానికి మోకరింపజేశారు. ఇంకా ఒకరి ముఖం ఒకరు నేరుగా చూసుకోరు గాని, మోకరిస్తున్నారు. అటువంటి సమయంలో ఆ పాస్టరేటుకు ఎవరిని పంపాలన్న చర్చ వచ్చింది. ఎలీషా అనే యువకుడి పేరు ముందుకొచ్చింది. మంచి ప్రసంగీకుడు, చురుకైనవాడు. కమిటీలో అందరికీ నచ్చాడు.

నచ్చనిది ఒక్క ప్రిస్కిల్లమ్మ గారికి. ఆమె రాళ్ళమడుగు ఆడబిడ్డే. మిషను బోర్డింగులో వందలమంది ఆడపిల్లలను సాకి, వయసు మళ్ళాక సొంత ఊరు చేరింది. అందరూ ఆమెను మేట్రనమ్మ అనేవాళ్ళు. ఆ సంఘం తరఫున కమిటీలో కూర్చునేది ఆమే.

"పిల్లవాడు మంచివాడే. కానీ తొందర మనిషి," అంది లేచి. "మా సంఘం ఇప్పుడిప్పుడే అతుక్కుంటున్న ఎముక. దాని మీద ఇప్పుడే బరువు వెయ్యకూడదు. నెమ్మదైన పెద్దాయన్ని ఎవరినన్నా పంపండి. ఈయన వద్దు."

ఎంతమంది ఎన్ని విధాల చెప్పినా ఆమె కదలలేదు. చివరికి ఓటు పెట్టారు. ఆమెతో కలిసింది ఇద్దరు ముగ్గురే. "నేను వద్దన్నానని రాసుకోండి," అని కార్యదర్శి వైపు చూసి చెప్పి, రాసేదాకా నిలబడి, తర్వాత కూర్చుంది. బిషప్ గారు ఆశీర్వాదం చెప్పి కూటం ముగించారు. అందరూ టీ కోసం లేస్తుంటే ఆమె మళ్ళీ అడిగింది:

"ఇంతకీ ఆ అబ్బాయి ఏ రోజు వస్తాడు? పాస్టరు ఇంట్లో పొయ్యి కూలిపోయి ఉంది. కట్టించాలి కదా."

ఎలీషా ఊళ్ళో బస్సు దిగేటప్పటికే, తనను వద్దన్నది ఎవరో అతనికి ఎవరో చేరవేశారు. భార్యకు కూడా చెప్పాడు, ఆ మనిషితో జాగ్రత్తగా ఉండాలని. తీరా వెళ్తే ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నది ఆ మనిషే. లోపల కొత్త పొయ్యి వెలుగుతోంది.

"అయ్యగారూ, మీరు ఈ ఊరికి వద్దని కమిటీలో చెప్పింది నేనే," అంది ఆమె, నమస్కారం పెట్టీ పెట్టకముందే. "ఇంకొకరు చెప్పగా వినేదానికంటే నా నోటితోనే వింటే మంచిదని చెప్తున్నాను. వేన్నీళ్ళు కాగినాయి. అమ్మగారినీ బిడ్డనూ ముందు స్నానం చెయ్యమనండి."

ఆ రాత్రి భోజనం చేస్తూ ఎలీషా, ఈమె దయగల మనిషో, లేక మరీ తెలివిగల మనిషో తేలడం లేదని భార్యతో అన్నాడట.

ఆ వారంలోనే పైపేట పెద్ద మోషే మేస్త్రి నలుగురిని వెంటబెట్టుకుని మేట్రనమ్మ ఇంటికి పోయాడు. ఆమె పైపేట మనిషి. "మేట్రనమ్మా, నీ మాట తోసేసినారంట. మన పేటంతా నీ వెనకే ఉంది. ఆదివారం ఒక్కడూ గుడికి పోడు," అన్నాడు.

"నా మాట తోసెయ్యలేదు మోషే, విన్నారు. విని వేరేగా తేల్చినారు," అంది ఆమె. "నా వెనక ఉంటానంటున్నావు కదా. నేను ఆదివారం మొదటి వరసలో కూర్చుంటాను. నా వెనక వరసలో కూర్చో."

మేస్త్రి గొణుక్కుంటూ వెళ్ళాడు. ఆదివారం మాత్రం వచ్చాడు.

కానీ ఆమె భయపడిందే జరిగింది. ఆ ఊళ్ళో పంట పండుగ పెద్ద సంబరం. రెండు పేటలవాళ్ళూ విడివిడిగా డప్పులతో, జొన్న గంపలతో గుడికి నడిచొస్తారు. ఒక ఏడు ఒక పేట ముందు, మరో ఏడు రెండో పేట ముందు. ఎలీషాకు అది నచ్చలేదు. క్రీస్తు ఒక్కడైనప్పుడు ఊరేగింపులు రెండెందుకని, సంఘ కమిటీలో ఒక్కరినైనా అడగకుండా, పండుగ ముందటి ఆదివారం ప్రసంగ వేదిక మీదనుంచే ప్రకటించేశాడు: ఈసారి అందరూ కలిసే నడవాలి.

కలిసి నడిచారు, గుడి గేటు దాకా. గేటు ఇరుకు. ముందు ఎవరి డప్పు లోపలికి పోవాలన్న దగ్గర తోపులాట మొదలైంది. గంపలు బోర్లపడి జొన్నలు మట్టిపాలయ్యాయి. మోషే మేస్త్రి తమ్ముడి చెయ్యి విరిగింది. కిందిపేటవాళ్ళు అటునుంచి అటే వెనక్కి తిరిగారు. క్రిస్మస్‌కు కూడా రాలేదు. గుడిలో ఒక పక్క బెంచీలు ఖాళీగా ఉంటే, ఎలీషా వాటి వైపు చూడలేక ప్రసంగం మధ్యలో ఆగిపోయేవాడు.

ఫిర్యాదులు బిషప్ గారి దాకా వెళ్ళాయి. బదిలీల కమిటీ మళ్ళీ కూర్చుంది. ఎలీషాను వసారాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. తలుపు దగ్గరగా వేసినా లోపలి మాటలు వినబడుతూనే ఉన్నాయి. నాడు అతన్ని ఆకాశానికెత్తినవాళ్ళే ఇప్పుడు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. అనుభవం లేదన్నారు. అహంకారమన్నారు. వెంటనే అక్కణ్ణుంచి తీసెయ్యాలన్నారు. ఒకాయన అయితే, "మేట్రనమ్మ గారు అప్పుడే చెప్పింది, మనమే వినలేదు," అని ఆమె వైపు చెయ్యి చూపించాడు. బయట ఎలీషా తల వంచుకున్నాడు. ఇక మిగిలింది ఆమె మాటే. తన పెట్టె ఎప్పుడు సర్దుకోవాలా అని ఆలోచిస్తున్నాడు.

"మీరేమంటారు మేట్రనమ్మ గారూ?" అన్నారు బిషప్ గారు.

ఆమె లేచింది. "ఆ రోజు నేను చెప్పింది నిజమే. ఈ రోజూ అదే చెప్తాను, ఆయన తొందర మనిషే. కానీ ఆయన్ను ఆ ఊరికి పంపింది ఎవరు? మనం. నేను వద్దన్నాను గాని, తీర్మానం అయినాక 'మనం' అన్న మాటలోంచి నేనేం బయటికి పోలేదు. పంపినవాళ్ళలో నేనూ ఉన్నాను. చేతులెత్తి పంపి, దెబ్బ తగలగానే చేతులు దులుపుకుంటే, రేపు మనం ఏ పిల్లవాణ్ణి ఏ ఊరికి పొమ్మన్నా నమ్మి పోతాడా?"

ఆమె వైపు చెయ్యి చూపించినాయన తల దించుకున్నాడు.

"విరిగినచోట కట్టు కట్టేది విరగ్గొట్టినవాడి చేతే చేయించాలి. పక్కన నేనుంటాను. వచ్చే పంట పండుగ దాకా ఆయన్ను కదిలించొద్దు," అని కూర్చుంది.

ఈసారి ఆమె మాట నెగ్గింది, అదీ అతి కష్టం మీద. ఎలీషాను లోపలికి పిలిచారు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బిషప్ గారు తీర్మానం చదివి వినిపించాక, మేట్రనమ్మ అందరి ముందూ అతనితో ఒకే మాట అంది:

"అయ్యగారూ, ఇకమీదట ఆదివారం చెప్పాలనుకున్న మాటను బుధవారమే మాతో చెప్పండి."

ఊరికి తిరిగి వెళ్ళాక ఎలీషా మొదట విరిగిన చేతివాడి ఇంటికి పోయి క్షమించమన్నాడు. తర్వాత కిందిపేటలో గడప గడపా ఎక్కాడు. పైపేట మనిషైన మేట్రనమ్మ అతని వెంట నడిచింది. కొందరు మంచం వేశారు, కొందరు తలుపు తియ్యలేదు. తియ్యని తలుపు దగ్గర ఆమె, "మళ్ళీ వస్తాం లే," అని బయటినుంచే చెప్పి, నిజంగానే అతన్ని మళ్ళీ తీసుకొచ్చేది. ఈస్టరుకు కొన్ని ముఖాలు కనిపించాయి. మరుసటి పంట పండుగకు ఎలీషా ఏ ప్రకటనా చెయ్యలేదు. సంఘ కమిటీ బుధవారం కూర్చుని, పాత వరసలోనే కిందిపేటను ముందు నడవమంది. పైపేటవాళ్ళు గేటు దగ్గర ఆగి దారి ఇచ్చారు. రెండు డప్పులు ఒకటి కాలేదు. ఇప్పటికీ కాలేదు. కానీ ఒకటి మోగుతున్నప్పుడు రెండోది ఆగి వింటుంది.

ఎలీషా ఆ ఊళ్ళో చాలాకాలం ఉన్నాడు. వీడ్కోలు రోజున గుడి నిండిపోయింది. ఎన్నో ప్రసంగాలు చేసినవాడు ఆ రోజు రెండే మాటలు చెప్పాడు. "నన్ను రమ్మన్నవాళ్ళందరికీ వందనాలు," అన్నాడు. "రావద్దన్న తల్లికి నా జీవితమంతా వందనాలు." మొదటి వరసలో మేట్రనమ్మ, ఇదంతా ఎందుకన్నట్టు చెయ్యి ఊపి, పాట ఎత్తుకోమని పిల్లలకు సైగ చేసింది.

జ్ఞానప్రకాశం గారు అక్కడికి ఆపారు. ఎండ దిగింది. ప్రభుచరణ్ ఖాళీ గ్లాసు పక్కన పెట్టాడు. తన పల్లెలో ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి ఏం చెప్పాలో ఇప్పుడు అతనికి కనబడుతోంది. నేను వద్దన్నాను అని చెప్పవచ్చు, దాచనక్కర లేదు. ఆ వెంటనే, టౌను బడికి మొదటి రోజు పిల్లలతో నేనే వస్తాను అని కూడా చెప్పవచ్చు. ఆడపిల్లల కోసం బండి ఏర్పాటు చెయ్యమని కమిటీనే అడగవచ్చు. అడిగే హక్కు లోపల ఉన్నవాడికే ఉంటుంది. రాజీనామా సంగతి తనకు తెలియకుండానే మనసులోంచి జారిపోయింది. దాని చోట ఒక తేలిక, ఎవరికి చెప్పాలో తెలియని కృతజ్ఞత నిండింది. తన మాట ఓపిగ్గా విన్న ఆ కమిటీ ముఖాలు కూడా అందులోకి వచ్చి చేరాయి.

లేచి గురువు గారి పాదాలంటి, బస్సుకు బయలుదేరబోతూ, వసారా చివర ఆగాడు.

"ఒక్క సందేహం గురువు గారూ. ఆ మొదటి తీర్మానం తప్పేనని మేట్రనమ్మ గారు చివరిదాకా అనుకున్నారా?"

జ్ఞానప్రకాశం గారు నవ్వారు.

"కార్యదర్శిగా నేనూ ఆవిడ వెంట కిందిపేట గడపలు ఎక్కినప్పుడు అడుగుదామనుకున్నాను నాయనా. ఆవిడ పక్కన నడుస్తున్నవాడికి అడిగే తీరిక ఎక్కడిది?"